బంబుకు చెలిమె నీళ్లు

ఆ యేడు పుష్యమాసంల ఆసిఫాబాదుల పడ్డ చలి అంతింత చలి కాదు. పొద్దుగాల కోడి కూద్దామని నోరు తెరిస్తే కూత రాకుండ ఆవిరొక్కటే వచ్చేదని, ఆ ఆవిరిని చూసే జనం తెల్లారిందని లేచేటోళ్లని చెప్పుకునేటోళ్లు. కోడి సంగతి ఎట్లున్నా, అసుంటి చలిల వకీలు రామచంద్రం ఇంటి బంబు కారిన మాట మాత్రం నిజం.

బంబంటే నడుమెత్తు రాగి పీపా. నడిమిట్ల నిలువునా ఒక గొట్టం. ఆ గొట్టంల నిప్పులేస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతయి, కింద నల్లా తిప్పితే పొగలు కక్కుకుంట బకెట్లకు దుంకుతయి. మరాఠోళ్ల ఇండ్లల్ల చూసి మోజువడి, వకీలు దాన్ని చాందా బజారుల కొని రైలుకు వేసుకొని తెచ్చిండు. హైద్రాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండేండ్లయినా ఆ ఊర్లె అసుంటి బంబులు పద్నాలుగు ఇండ్లల్లనే ఉన్నయి. ఆ పద్నాలుగింటికీ వైద్యుడు ఒక్కడే, కళాయి ఇనాయతుల్లా.

ఇనాయతుల్లాకు అరవై నిండినయి. తిత్తి, సుత్తె, పట్టకారు, తగరం ముక్కలున్న గోనెసంచి భుజాన వేసుకొని వకీలింటి దొడ్లెకు వచ్చేసరికి వకీలమ్మ అనసూర్య కొంగు బిగించి నిలవడ్డది.

"నిరుడు నువ్వేసిన అతుకే పోయింది సాయిబూ. ఏం చేతులో ఏమో నీయి! పొద్దుగాల సారు తానానికి కూసుంటే కింద మడుగైంది."

ఇనాయతుల్లా బంబును సీతాఫలం చెట్టుకింద బోర్లించి, అతుకు చుట్టూ నిప్పు ఊది, అది కరిగినంక అడుగు రేకు మెల్లగ ఊడదీసిండు. లోపలికి చెయ్యి పెట్టి గొట్టం మీద చెక్క సుత్తెతోటి నాలుగు దెబ్బలు వేసిండు. తెల్లటి గార పెచ్చులు పెచ్చులుగ రాలింది. ఒక పెచ్చు వేలు మందం ఉంది. దాన్ని అరచేతుల పెట్టి వకీలమ్మకు చూపెట్టిండు.

"అతుకు తప్పు కాదమ్మా, మీ బాయి తప్పు. దొడ్లె ఉన్నది సవుడు బాయి. ఆ నీళ్లు కాగినప్పుడల్లా గింత సున్నం గొట్టాన్ని పట్టుకుంటది. అటెన్క నిప్పుల వేడి నీళ్లకు అందదు. రాగే కాలి కాలి అతుకు ఇడుస్తది."

వేపపుల్ల నములుకుంట వకీలు రామచంద్రం బయటికొచ్చిండు. శాలువల నుంచి ముక్కొక్కటే కనవడుతుంది.

"గార అంత గట్టిగ ఉంటదా?"

"అట్ల అడుగుండ్రి సాబ్!" ఇనాయతుల్లాకు కథ చెప్పనీకి నోరూరింది. "చాందాల ఒక సేటు ఇంట్ల బంబు ఉండె. దొంగలు వచ్చి రాగి మొత్తం ఒలుచుక పోయిండ్రు. లోపలి గార మాత్రం బంబు తీర్గనే నిలవడ్డది. ఇంటోళ్లకు తెల్వలే. ఇంకో రెండేండ్లు అందుల్నే నీళ్లు కాగవెట్టుకున్నరు. నల్లా ఊడి చేతికొస్తే గాని దొంగలు వడ్డ సంగతి బయట పడలే."

వకీలు నవ్విండు. వకీలమ్మ నవ్వు ఆపుకున్నది. నవ్వినంక వకీలు అసలు సంగతి అడిగిండు. "మరి దీనికి మందేంది?"

మందు లేక కాదు. చింతపండు పులుసు చిక్కగ పిసికి, బంబు నిండ పోసి, జర వెచ్చజేసి రాత్రంతా ఇడిస్తే గార పాల తీరు కరిగి నల్లాల నుంచి పోతది. నెలకోసారి చేస్తే రేకు ఊడదీసే పనే ఉండదు. చింతపండుతోటి రాగి తోముడు ప్రతి ఆడామెకు ఎరుకనే గాని, చెయ్యి పట్టని కాడ పులుసు తనంతట తానే పనిచేస్తదని ఎవ్వరికీ తట్టలే. తట్టకుండ చూసుకొమ్మనే ఇనాయతుల్లా తండ్రి సచ్చిపోయే ముందు చెయ్యి మీద చెయ్యి వేయించుకున్నడు. పద్నాలుగు బంబులు చలికాలంల ఒక్కోటి ఒక్కోసారి కారితేనే ఆ ఇంట్ల పొయ్యి వెలుగుతది.

అందుకని ఇరువై ఏండ్ల సంది ఏ ఇంట్ల అడిగినా చెప్పే మాటే చెప్పిండు.

"మంచినీళ్లు పొయ్యాలె సాబ్. వాగుల చెలిమె నీళ్లు. ఒక్క సుక్క సవుడు నీళ్లు కలువద్దు. అట్లయితే మీ మనుమల పెండ్లిండ్లకు కూడా ఇదే బంబు."

ఈ మాట వినంగనే అందరు నవ్వుతరు, వాగు దాకా ఎవడు పోతడంటరు, మల్ల యేడాదికి మల్ల పిలుస్తరు. అది అలవాటు. వకీలు నవ్వలే. కాయిదం మీద సంతకం పెట్టినట్టు తల ఊపిండు.

"సరే. ఐలవ్వా!"

అంట్లు తోముతున్న ఐలవ్వ బూడిద చేతుల్తోనే లేచి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆ ఇంట్ల అంట్లు ఆమెవే, ఊడ్చుడు ఆమెదే, సవుడు బాయిల చేది బంబు నింపుడు ఆమెదే. తాగే నీళ్లు తెచ్చెటాయన వేరే ఉన్నడు, కావడి కట్టి. ఆయన మడి నీళ్లు తప్ప వేరేవి ముట్టడు. ఐలవ్వ ఉండే గుడిసె దొడ్డి గోడ వెనుక, వకీలు జాగల. కొలువు పోయిననాడు గుడిసె కూడా పోతది.

"రేపటిసంది బంబుకు చెలిమె నీళ్లు తేవాలె," అన్నడు వకీలు.

ఐలవ్వ బంబును చూసింది. పక్కన బాయి గిరకను చూసింది. బాయి నుంచి బంబుకు ఇరువై అడుగులు. చివరికి ఇనాయతుల్లా మొకం చూసి, "మంచిది దొరా," అని అంట్ల కాడికి పోయింది.

ఆ మాపటికే బంబు అతికి ఇచ్చినంక ఇనాయతుల్లాకు ఆ దొడ్లెనే ఇంకో మూడు దినాల పని తగిలింది. అటకెక్కిన గంగాళాలు, గిన్నెలు అన్నీ దించి కళాయి పెట్టుమన్నది వకీలమ్మ. మర్నాడు పొద్దు పొడువంగ పొయ్యి గుంత తవ్వి, తిత్తి మూతి పెట్టి బొగ్గులు రాజేసిండు. గిన్నె ఎర్రగ కాలినంక నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క గీకి, పత్తి తోటి గిర్రున తుడిస్తే లోపల వెండి తీరు మెరుపు వస్తది. ఆ మెరుపు వచ్చినప్పుడల్లా ఎన్నేండ్లయినా ఆయనకు మనసు కొద్దిగ లేచేది. ఆ దినం లేవలే.

ఐలవ్వ అప్పటికే మూడు మాట్లు వాగుకు పోయి వచ్చింది. నెత్తిన ఒక ఇత్తడి బిందె, సంకల ఒకటి. బంబు ఎనిమిది బిందెలు తాగుతది. ఇంటిల్లిపాది తానాలకు పొద్దుగాల ఒకసారి, మాపున ఒకసారి నింపాలె. బజారు దాటి, కచేరి వెనుక నుంచి దిగి, వాగు ఇసుకల చెలిమె తవ్వుకొని, చిప్పతోటి ఊరిన కాడికి ఊరినట్టు ఎత్తి పోసుకొని, మల్ల ఆ ఒడ్డు ఎక్కాలె. ఆమె చీరె ఒక పక్క తడిసి ఒంటికి అతుక్కున్నది. రెండు బిందెలు ఒకటెన్క ఒకటి బంబుల ఒంపింది.

"సాయిబూ, నీ నాలిక మీద పుండుగిట్ల ఏం లేదు గద?" అన్నది ఖాళీ బిందె దించుకుంట.

"లేదవ్వా. ఎందుకు?"

"ఉండేదుంటే బాగుండు. ఆ మాట అనకపోదువు."

ఇనాయతుల్లా మొకం పొయ్యి దిక్కు తిప్పుకొని తిత్తి గట్టిగ నొక్కిండు.

"పుట్టిన కాడికెల్లి మా వాడంత సవుడు నీళ్లే తాగుతున్నం. ఎవ్వడూ అయ్యో అనలే. ఈ రాగి దొర్సానికి మాత్రం కడుపుల గార కడుతదట, చెలిమె నీళ్లు వొయ్యాల్నట!" సుట్టబట్ట పిండి మల్ల నెత్తిన పెట్టుకున్నది. "పోయొస్తా. నీ రాగి కోడలికి దూపైతుందేమో."

పగటీలి బువ్వలైనంక వకీలమ్మ పక్కింటి బాలలక్ష్మిని తోలుకొచ్చి బంబు చూపెట్టింది. "ఇగ దీనికి చెలిమె నీళ్లేనమ్మా," అని చెప్తుంటే ఆమె మొకంల కొత్త నగ పెట్టుకున్న కళ కనవడ్డది. బాలలక్ష్మి ఇంట్ల కూడా బంబుంది. ఆమె బంబు దిక్కు ఓసారి, అప్పుడే ఒడ్డెక్కి వస్తున్న ఐలవ్వ దిక్కు ఓసారి చూసి, "నీళ్లు చేదే మా పోశవ్వకు కూడా చెప్త," అన్నది.

ఇనాయతుల్లా చేతుల గిన్నె పక్కకు పెట్టిండు. "వకీలమ్మా, అంత నిష్ఠ ఏం అక్కెరలేదు. సగం సగం కలిపినా నడుస్తది."

"నిన్న నువ్వే కదా ఒక్క సుక్క కూడా కలువద్దంటివి? మాట మాటకు మారితే ఎట్ల సాయిబూ? కచేరిల సారు ముంగట సాక్ష్యం చెప్తే ఏమైతుండె నీ గతి?" అని వకీలమ్మ నవ్వింది. చెడ్డ మనిషి కాదు. ఆ మాపు ఐలవ్వకు తన పాత పట్టుచీరె చించి మెత్తటి సుట్టబట్ట ఇచ్చింది. "కొత్త కదనే, అలవాటైతది," అన్నది కూడా.

మూడో దినం అలవాటు కాలే. ఒడ్డు ఎక్కంగ ఐలవ్వ కాలు జారి పడ్డది. పగటిజాముకు కుంటుకుంట వచ్చి, బిందెను ఇనాయతుల్లా ముంగట పెట్టి, మోకాలు పట్టుకొని కింద కూసున్నది. బిందె పొట్టకు జానెడు సొట్ట పడ్డది. మోకాలు గుండ్రంగ ఉబ్బింది.

వకీలమ్మ ఉరికొచ్చింది. "అయ్యో, ఎట్ల వడ్డవే? పసుపు పెట్టు, పసుపు పెట్టు. సాయిబూ, బిందె సొట్ట తియ్యి," అని, లోపలికి పోవుకుంట గడపల ఆగింది. "మరి మాపటి తానాలకెట్ల ఐలవ్వా?"

"తెస్తనమ్మా. జర కూసోని పోత."

ఇనాయతుల్లా బిందెను గుంజ మీద బోర్లించి, లోపలి నుంచి కర్ర ఆనించి, చిన్న సుత్తెతోటి టక్కు టక్కుమని కొట్టిండు. సొట్ట లేచింది. బిందె మల్ల బిందెయ్యింది. ఇంత సులువుగ మోకాలు కూడా అయితే బాగుండనిపించింది గాని, ఆ మాట పైకి అంటే ఐలవ్వ ఏమంటదో ఆయనకు ఎరుక. గమ్మున బిందె అందిచ్చిండు. ఆమె గోడ పట్టుకొని లేచి, ఒక్క బిందెతోటే పోయింది. రెండిటితోటి పోతే దినానికి ఎనిమిది మాట్లు. ఒక్కదానితోటి పోతే పదహారు.

ఆ మాపు ఇంటికి పోయినంక ఇనాయతుల్లా రొట్టె తుంచి తుంచి పక్కన పెడుతుంటే ఆయన పెండ్లాం బిస్మిల్లా బీ చూసింది. జొన్నపిండి అంటిన చేతుల్తోనే ఎదురుంగ కూసున్నది.

"క్యా హువా జీ? తగరం తగ్గిందా, తలకాయ తిరుగుతుందా?"

ఆయన సంగతంతా చెప్పిండు. చెప్తున్నంత సేపు తన మాటను తనే కొంచెం కొంచెం చిన్నగ చేసుకుంట చెప్పిండు. బిస్మిల్లా బీ ఆ చిన్నగ చేసినదాన్ని మల్ల పెద్దగ చేసుకొని విన్నది.

"పులుసు సంగతి చెప్పరాదు మరి?"

"అబ్బాకు మాటిచ్చిన."

"అబ్బా ఉన్నప్పుడు ఊర్లె సత్తు గిన్నెలు లేవు. ఇప్పుడు చూడు, కళాయికి ఎవడు వస్తుండు? కొడుకని జహీర్ ఉన్నడు, వాడు కాగజ్‌నగర్ మిల్లుల చేరె. నీ వెనుక తిత్తి ఒత్తేటోడే లేడు. ఈ పులుసు ముచ్చట ఖబర్ల కప్పుకొని పంటవా?"

"ఉన్నన్ని దినాలన్నా తినాలె గద బిస్మిల్లా."

ఆమె ఇంకో రొట్టె తట్టి పెంకం మీద వేసింది.

నాలుగో దినం తెల్లారుతుండంగ ఇనాయతుల్లా సీదా వకీలింటికి పోకుండ వాగుకు పోయిండు. రాత్రంతా ఆలోచించి ఒక తొవ్వ కనిపెట్టిండు. ఇటు మాట పోవద్దు, అటు పని పోవద్దు, నడిమిట్ల ఐలవ్వ మోకాలు కూడా పోవద్దు. ఆ తెలివికి ఆయనకే తన మీద జర ముద్దొచ్చింది.

ఐలవ్వ చెలిమె పక్కన కాలు చాపుకొని కూసోని చిప్పతోటి నీళ్లు ఎత్తుతుంది. పక్కన వేరే ఇంటి మనిషి ఎవ్వరూ లేరు.

"ఐలవ్వా, ఒక మాట చెప్త, ఎవ్వరికీ చెప్పద్దు." గొంతు తగ్గించి పులుసు సంగతి చెప్పిండు. "నెలకోసారి వాళ్లు పన్నంక బంబుల పొయ్యి. చింతపండు నేను తెచ్చిస్త. మిగిలిన దినాలు దొడ్లె బాయిల నీళ్లే మెల్లగ నింపు. లోపల ఎవడు చూస్తడు? గార ఉండదు, చెలిమె నీళ్ల మహిమ అనుకుంటరు. నీకు వాగు తప్పుతది."

ఐలవ్వ చిప్ప ఆపి ఆయన మొకం దిక్కు చూసింది.

"గిది నీకు ఎప్పటిసంది ఎరుక?"

"... చిన్నప్పటిసంది."

"మొన్న దొర అడిగిననాడు కూడా ఎరుకనే?"

ఇనాయతుల్లా ఇసుకల కాలి బొటనవేలు ఆడిచ్చిండు.

"ఇప్పుడు నేను దొంగతనంగ బాయి నీళ్లు నింపాలె. దొంగతనంగ పులుసు పొయ్యాలె. వకీలమ్మ ఒక్క పొద్దు ముందుగాల లేచి చూసిందనుకో, బజారుల పడేది ఎవ్వరు సాయిబూ? నువ్వా?" ఐలవ్వ గొంతు పెద్దగ చెయ్యలే. అలిసిన మనిషి గొంతు పెద్దగ కాదు. "నలుగురిల నువ్వన్న మాటకు నా మోకాలు పోయింది. చెవుల చెప్తే అది ఎనుకకు రాదు. అననీకి నోరున్నది గద, తిప్పుకోనీకి కూడా అదే నోరు."

చిప్ప మల్ల నీళ్లల్ల ముంచింది. ఇనాయతుల్లా ఒడ్డెక్కిండు. ఆ ఒడ్డు అంత నిలువుగ ఉంటదని ఆయనకు అప్పటిదాక తెల్వదు.

వకీలింటికి వచ్చేసరికి అక్కడ వేరే పంచాయితి నడుస్తుంది. ఒంటి మీద తువ్వాల ఒక్కటే చుట్టుకొని వకీలు రామచంద్రం తానాల బండ మీద గజగజ వణుకుతున్నడు. బంబుల నీళ్లు సగం కూడా పడలే. కచేరికి యాళ్ల అయితుంది. వకీలమ్మ వాకిట్లకు, దొడ్లెకు తిరుగుతుంది. గోడ మీది నుంచి బాలలక్ష్మి తొంగి చూస్తుంది.

"ఐలవ్వ ఏది సాయిబూ, తొవ్వల కనవడ్డదా?"

"వస్తుందమ్మా. మోకాలితోటి రావాలె గద." ఇనాయతుల్లా సంచి కిందపెట్టిండు. "అమ్మా, ఇంట్ల చింతపండు ఉంటే గింత పులుసు పిసికియ్యి. ఒక ఇత్తడి తాంబాళం కూడా."

"ఇప్పుడు పులుసెందుకయ్యా?"

"ఇయ్యమ్మా. నీకు ఒకటి చూపెట్టాలె."

మొన్న రాలిన గార పెచ్చులు సీతాఫలం చెట్టు మొదట్ల కుప్పగనే ఉన్నయి. అందుల నుంచి గోటి మందం పెచ్చు ఏరి తాంబాళంల పెట్టి, మీద చిక్కటి పులుసు పోసిండు. సిర్రున పొంగింది. చిన్న చిన్న బుగ్గలు లేచి పెచ్చు అంచులు తినవట్టినయి. వకీలు వణుకుడు మరిచి వొంగి చూసిండు. బాలలక్ష్మి గోడ మీద ఇంకింత పైకి లేచింది. చూస్తుండంగనే పెచ్చు మెత్తవడి, వేలుతోటి ఒత్తితే సున్నం ముద్ద తీరు చిట్లింది.

"ఇది మందు," అన్నడు ఇనాయతుల్లా. "నెలకోసారి బంబు నిండ పోసి, జర వెచ్చజేసి, రాత్రంతా ఇడిస్తే సాలు. చెలిమె నీళ్లు అక్కెరలేదు. చెలిమె నీళ్లకు కూడా గార కడుతది సాబ్, ఆలిస్యంగ కడుతది గంతే. అది వాయిదా తీసుకున్నట్టు, కేసు కొట్టేసినట్టు కాదు."

వాయిదా అనేసరికి వకీలుకు సంగతి పూర్తిగ అర్థమయ్యింది. అర్థమైనంక కోపం వచ్చింది.

"మరి మొన్న అడిగిననాడు ఎందుకు చెప్పలే?"

"పని పోతదని చెప్పలే సాబ్."

"అంటే ఎరుకుండి దాచినవ్. మూడేండ్ల సంది మా బంబు రేకు ఊడదీస్తున్నవ్, అతుకుతున్నవ్! దీన్ని ఏమంటరో ఎరుకేనా? దగా అంటరు. దావా ఏస్తే నిలవడతది!"

ఒంటి తువ్వాలతోటి నిలవడి దావా మాట్లాడుతున్న వకీలును చూస్తే ఇంకో దినమైతే ఇనాయతుల్లాకు వారం దినాలు చెప్పుకునేంత కథ దొరికేది. ఆ దినం ఆయనకు కథ కావాలనిపియ్యలే.

గోడ మీద బాలలక్ష్మి మొకం లేదు. ఆమె అప్పటికే వాకిలి దాటి బజారుల పడ్డది. మాపటికి పద్నాలుగిండ్లల్ల పద్నాలుగు గిన్నెలల్ల చింతపండు నానుతదని ఇనాయతుల్లాకు తెలుసు.

అంతల ఐలవ్వ వచ్చింది. నెత్తిన ఒక్క బిందె. కుంటే కాలుకు సరిగ్గ బిందెల నీళ్లు తొణికి మెడ మీదికి కారుతున్నయి. వకీలమ్మ ఆమెను చూసి, తాంబాళం చూసి, చూపు బాయి దిక్కు తిప్పింది.

"ఇగ వాగుకు పోకు ఐలవ్వా. దొడ్లె బాయిలనే చేదు. లేనిపోని కష్టం ఎందుకే నీకు?" ఐలవ్వే మొండికేసి వాగుకు పోయినట్టు అన్నది.

"మంచిదమ్మా," అన్నది ఐలవ్వ. ఇనాయతుల్లా దిక్కు చూడలే. తెచ్చిన నీళ్లు బంబుల పోసి, బాయి కాడికి పోయి చేద అందుకున్నది. గిరక కిర్రుమన్నది.

మిగిలిన గిన్నెలు కళాయి పెట్టకుండనే సంచి సర్దుకొమ్మన్నరు. ఇనాయతుల్లా పొయ్యి గుంత మన్నుతోటి పూడ్చి, తిత్తి మడిచి, ఎవ్వరు పోయి రమ్మనకుండనే పోయిండు.

మర్నాడు చీకట్లు విడకముందే ఆయన జైనూర్ సంతకు బయలుదేరిండు. గుట్టల మీది గూడేలల్ల ఇంకా ఇత్తడి చెంబులు, రాగి గిన్నెలు ఉన్నయి, సత్తు అంత దూరం ఇంకా ఎక్కలేదని ఎవరో చెప్పిండ్రు. తొవ్వ వాగు మీదికెల్లే. సంచి బరువుకు వొంగి, ఇసుకల అడుగులు వేసుకుంట పోతుంటే చెలిమె కాడ మనిషి కనవడ్డది. తెల్లటి మంచుల ముందుగాల పోల్చలే. దగ్గరికి పోయినంక కాళ్లు ఆగినయి.

ఐలవ్వే. కాలు చాపుకొని, చిప్పతోటి నీళ్లు ఎత్తి బిందెల పోస్తుంది.

"మల్ల తోలిండ్రా?" అన్నడు ఇనాయతుల్లా. "నలుగురిల చెప్పిన గదవ్వా! నీ కండ్ల ముంగటనే పాయె నా పని. మల్ల ఎందుకు తోలిండ్రు?"

"ఎవ్వరూ తోలలే." ఐలవ్వ ఎత్తుడు ఆపలే. "ఇయి నాకు."

"నీకా?"

"మొన్న మాపున గింత కందిపప్పు పొయ్యి మీద ఏసిన. సవుడు బాయి దాకా పోయే ఓపిక లేక, ఈ బిందెలల్ల అడుగున మిగిలిన నీళ్లే పోసిన. గడియల మెత్తగ ఉడికింది సాయిబూ, ఎన్న ముద్ద తీరు. యాభై ఏండ్ల సంది పప్పంటే పలుకు పలుకుగనే ఉంటదనుకున్న." చిప్ప చెలిమెల ఇడిచి మొకం తుడుసుకున్నది. "దొరకు పదహారు మోసినదాన్ని, నాకు ఒక్కటి మోసుకోలేనా?"

ఇనాయతుల్లా ఏదన్నా నవ్వు మాట దొరుకుతదేమోనని చూసిండు, దొరకలే. సంచి ఇసుకల దించిండు.

బిందె నిండింది. ఐలవ్వ సుట్టబట్ట నెత్తిన పెట్టుకొని, మంచి కాలు మీద బరువాని లేచి నిలవడ్డది. వొంగబోయి మోకాలు పట్టేసరికి ఆగింది. చుట్టూ చూసింది. వాగుల ఇంకెవ్వరు లేరు.

"చూస్తవేంది సాయిబూ? ఎత్తరాదు."

ఆయన రెండు చేతులు బిందె అడుగున పెట్టిండు. అరవై ఏండ్లల్ల ఎన్ని వేల బిందెలు ఆయన చేతుల మీదుగ పోయినయో. వాటి సొట్టలు తీసిండు, చిల్లులు పూడ్చిండు, మెడలు అతికిండు, గోటితోటి కొట్టి చప్పుడును బట్టి రేకు మందం చెప్పేటోడు. అన్నీ ఖాళీ బిందెలే. ఎత్తబోయి మొదటిసారి పట్టు సాలలే. ఒకసారి దించి, కాళ్లు ఎడంగ పెట్టుకొని, ఊపిరి పట్టి మల్ల ఎత్తిండు.